పిల్లలతో కలిసి ఆట తయారుచేయడం: బార్డోలీ మైదానంలో ఒక ప్రయోగం



ఏడు పెంకులాట మీలో చాలామంది ఆడే ఉంటారు. హైదరాబాదు వైపు దీన్నే లింగోచ్చా అంటారు. గుజరాత్‌లో సాతోడియు అంటారు. పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, బంతితో కొట్టి పడగొట్టి, అవతలి జట్టు ఆ బంతితో మనల్ని కొట్టేలోగా మళ్లీ పేర్చాలి. దీని నిర్మాణాన్ని ఒక్కసారి గమనించండి. పెంకులు పేర్చాలంటే ఒకచోట వంగి నిలబడాలి. నిలబడితే బంతి తగులుతుంది. బంతి తప్పించుకోవాలంటే పరుగెత్తాలి. పరుగెత్తితే పెంకులు పేరవు. ఒకదానికొకటి అడ్డం వచ్చే రెండు పనులను ఒకే మనిషికి అప్పగించడంలోనే ఈ ఆట రుచి అంతా ఉంది. ఇక పెంకులు ఏడే ఎందుకు? మూడింటితో ఆడి చూడండి, రెండు నిమిషాల్లో చప్పబడుతుంది. పదిహేనింటితో ఆడి చూడండి, పేర్చే జట్టుకు గెలుపు దాదాపు అసాధ్యం. ఎన్నో తరాల పిల్లలు ఆడుతూ, పోట్లాడుకుంటూ సరిచేసుకున్న లెక్క అది అనుకోవాలి.

ఆ పని మనం కావాలని, తెలిసి చేస్తే దానికి ఆటల రూపకల్పన అని పేరు. ఆరుబయట ఆడే ఆటను, అందులోనూ మనం చేసినదానికి ఎప్పటికప్పుడు బదులిచ్చే ఆటను, పిల్లలతో కలిసి ఎలా తయారుచేస్తామో ఈ రోజు చెబుతాను. సూత్రాలుగా చెబితే మీకు నిద్ర వస్తుంది. అందుకని సూరత్ జిల్లా బార్డోలీలో మేము ఒక ఆట చేసిన వృత్తాంతమే చెబుతాను. అందులో నేనొక తప్పు చేశాను. దాన్ని దిద్దింది ఒక పదేళ్ల పిల్ల.

మొదట ఊరి సంగతి. బార్డోలీ పేరు మీరు చరిత్ర పాఠంలో చదివారు. అప్పటి బొంబాయి ప్రభుత్వం ఈ తాలూకాలో భూమిశిస్తు 22 శాతం పెంచింది. 1928 ఫిబ్రవరి 12న రైతులు శిస్తు కట్టబోమని ప్రతిజ్ఞ చేశారు. వల్లభ్‌భాయ్ పటేల్ నాయకుడు. ఆయనకు సర్దార్ అన్న పేరు స్థిరపడింది ఇక్కడే. తాలూకాలో 137 గ్రామాలు, సుమారు 87,000 జనం. శిస్తు కట్టనివారి గిన్నెలు, మంచాలు, గేదెలు, చివరకు భూములు జప్తు చేయడానికి అధికారులు ఊళ్ల మీదికి వచ్చేవారు. ఊరి పొలిమేరలో కాపలా ఉన్న స్వచ్ఛంద సేవకులు వాళ్లను చూడగానే డోలు కొట్టేవారు, శంఖం ఊదేవారు. ఆ చప్పుడు వినగానే ఊరంతా తలుపులు మూసుకునేది. మనుషులూ పశువులూ కలిసి నెలల తరబడి ఆ చీకటి ఇళ్లలోనే ఉన్నారు. వెలుతురు లేక గేదెల చర్మం తెల్లబడిందని కూడా చెప్పుకుంటారు. ఆగస్టులో రాజీ కుదిరింది. తరువాత జరిగిన బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ విచారణతో పెంపు ఆరు శాతం చిల్లరకు దిగింది.

ఒక విజ్ఞానశాస్త్ర అధ్యాపకురాలి చెవికి ఈ కథలో ముందు వినిపించేది డోలు చప్పుడు. అది సమాచార ప్రసారం. చూసినవాడొకడు, వినాల్సినవాడు ఇంకొకడు, మధ్యలో గాలి. ఇది ఆటగా మారితే ధ్వని వేగం, సంకేతం, లోపం అన్నీ అందులోనే ఉన్నాయి కదా అనుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక జనవరిలో ఐదు రోజుల పిల్లల శిబిరానికి పిలుపు వస్తే, ఈ ఆలోచనతోనే రైలెక్కాను. నాకు సాయంగా సూరత్ నుంచి ఇద్దరు డిగ్రీ విద్యార్థులు వచ్చారు. ఇద్దరూ తెలుగువాళ్లే, మగ్గం పనికి తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాల పిల్లలు. ఇటువంటి కుటుంబాలు సూరత్‌లో వేలకొద్దీ ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. వాళ్లు నన్ను మేడమ్ అనేవారు. ఊరి పిల్లలు మాత్రం బెన్ అన్నారు. అంటే అక్క అని అర్థం. గుజరాత్‌లో టీచరమ్మను అలాగే పిలుస్తారు.

ఆట మొదలుపెట్టే ముందు నేల చూడాలి. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, కాగితం మీద ఆట గీసేవాళ్లు ఎక్కువమంది నేలను మరిచిపోతారు. మాకు చూపించిన స్థలం పక్కనే చెరకు నరికిన పొలం. నరికిన మోళ్లు కత్తుల్లా ఉంటాయి, కొందరు పిల్లలకు చెప్పులు లేవు. పైగా సంక్రాంతి వెళ్లి రెండు రోజులే అయింది. గుజరాత్‌లో ఉత్తరాయణం అంటే గాలిపటాల పండుగ. తెగిన మాంజా దారం చెట్లకూ కంచెలకూ మెడ ఎత్తులో వేలాడుతోంది. మొదటి ఉదయమంతా పిల్లలూ మేమూ దారం ఏరడమే సరిపోయింది. ఒక విధంగా అదే మంచిదయింది. ఎక్కడ పరుగెత్తవచ్చో, ఎక్కడ దాక్కోవచ్చో ఆ ఏరడంలోనే పిల్లలకు తెలిసిపోయింది.

నేను రాసుకొచ్చిన ఆట ఇది. 240 మీటర్ల మట్టిబాట. బాట చివర ముగ్గుతో గీసిన ఎనిమిది గడులు, అవే ఇళ్లు. బాట వెంట 60 మీటర్లకొకరు చొప్పున ఐదుగురు కాపలాదారులు, చేతిలో స్టీలు పళ్ళెం, గరిటె. బాట మొదట్లో జప్తు జట్టు ఆరుగురు. వాళ్లు కదలగానే మొదటి కాపలాదారు పళ్ళెం మోగిస్తాడు, అది విని రెండోవాడు, అది విని మూడోవాడు. ఊరివాళ్లు బయట ఉన్న సామాను ఇళ్లలో పెట్టి తలుపు వేసుకోవాలి, అంటే గడిలోకి దూరి చేతులు అడ్డంగా చాపాలి. పిల్లలు ఇరవైనాలుగు మంది, తొమ్మిది నుంచి పదమూడేళ్ల వాళ్లు.

మూడు పందేలు ఆడేసరికి ఆట చచ్చిపోయింది. జప్తు జట్టుకు ఒక్క చెంబు కూడా దొరకలేదు.

ఎందుకో లెక్క వేద్దాం. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 240 మీటర్లకు ముప్పావు సెకను కూడా పట్టదు. మేము స్టాప్‌వాచీతో చూస్తే మొదటి పళ్ళెం నుంచి చివరి పళ్ళెం దాకా నాలుగు సెకన్లు పట్టింది. మిగతా మూడు సెకన్లకు పైగా ఎక్కడ పోయినట్టు? నలుగురు పిల్లలు విని, గుర్తుపట్టి, చెయ్యెత్తి కొట్టడంలో. ఒక్కొక్కరి దగ్గర ముప్పావు సెకను పైనే. వార్త ఆలస్యం అయ్యేది గాలిలో కాదు, మనిషి దగ్గర. అయినా ఆ దూరం పరుగెత్తడానికి జప్తు జట్టుకు 50 సెకన్లు పట్టింది. నాలుగు సెకన్లకూ యాభైకీ పోటీ ఏమిటి? మీరు మీ బడి మైదానంలో ఈ కొలత తీసి చూడండి. పళ్ళెం మీద గరిటె పడటం కంటికి కనిపించాక చప్పుడు చెవికి చేరడానికి పట్టే తేడా 170 మీటర్ల దూరంలో అర సెకను. ఏ పరికరమూ లేకుండా తెలుస్తుంది.

ఆట చచ్చిపోయినప్పుడు పెద్దవాళ్లు వెంటనే ఇంకో నియమం చెబుతారు. నాకూ నోటిదాకా వచ్చింది. సూరత్ కుర్రవాడు నా చేయి పట్టుకుని ఆపాడు. "మేడమ్, వాళ్లనే అడుగుదాం." అడిగితే, ఓడిపోయి విసిగిపోయిన జప్తు జట్టే ముందుకొచ్చింది. "మాకూ ఒక పళ్ళెం ఇవ్వండి" అన్నారు. ఎందుకంటే ఉత్తుత్తి హెచ్చరిక మోగించడానికి!

ఇచ్చాం. ఇప్పుడు ఊరివాళ్లు పళ్ళెం మోగిన ప్రతిసారీ లోపలికి దూరడం మొదలుపెట్టారు. ఇంకొకరు అన్నారు, లోపలే కూర్చుంటే పంట ఎవరు తీస్తారని. అప్పట్లో బార్డోలీ పత్తి పండించే నేల. గులకరాళ్లను పత్తికాయలుగా పొలంలో చల్లారు. బయట ఉండి ఏరితేనే పాయింట్లు. చూశారా, ఏడు పెంకులాట సూత్రం వాళ్లకు తెలియకుండానే వచ్చి కూర్చుంది. ఏరాలంటే బయట ఉండాలి, దొరక్కుండా ఉండాలంటే లోపల ఉండాలి. తప్పుడు హెచ్చరికకు ఇప్పుడొక ధర వచ్చింది, అసలు హెచ్చరికను నమ్మకపోవడానికీ ఒక ధర వచ్చింది.

ఆ తరువాతిది అనివార్యం. నిజమైన హెచ్చరికకు గుర్తు కావాలి. రెండు దెబ్బలు, ఆగి ఒకటి అని రహస్యంగా అనుకున్నారు. ఐదుగురు కాపలాదారుల గుండా వచ్చేసరికి ఒక దెబ్బ ఎక్కడో జారిపోయేది. అందుకని ప్రతిదీ రెండుసార్లు కొట్టాలన్నారు. రెండుసార్లు కొడితే జప్తు జట్టు వినేసి గుర్తు నేర్చేసుకుంది. అందుకని ప్రతి పందేనికీ గుర్తు మార్చాలన్నారు. 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సమాచార ప్రసారానికి గణిత సిద్ధాంతం ఇచ్చాడు. గోల మధ్య సందేశం చెడకుండా చేరాలంటే కొంత అదనంగా పంపక తప్పదనేది అందులో ఒక ముఖ్య విషయం. మీ మొబైల్ ఫోను ఇప్పటికీ చేసే పని అదే. ఆ పేరు నేను పిల్లలకు చెప్పలేదు. ఆట ఆపి పాఠం చెబితే రెండూ పోతాయి.

ఇంతవరకూ నాకు సంతోషంగానే ఉంది. ఇప్పుడు తప్పు దగ్గరికి వస్తున్నాను.

బార్డోలీ చుట్టుపక్కల ఇప్పుడు పత్తికన్నా చెరకు ఎక్కువ. ఊళ్లో పెద్ద సహకార చక్కెర కర్మాగారం ఉంది. ఏటా అక్టోబరు, నవంబరు నుంచి వేసవి దాకా చెరకు నరకడానికి డాంగ్ జిల్లా నుంచి, మహారాష్ట్ర ఖాందేశ్ నుంచి వేలాది కుటుంబాలు వస్తాయి. చెరకు నరికే కొడవలిని కోయితా అంటారు. భార్యాభర్తల జంటను కూడా ఒక కోయితా అనే లెక్కిస్తారు, మనిషి పేరు పనిముట్టు కిందికి వెళ్లిపోయింది. వీళ్ల జీవితం గురించి యాన్ బ్రెమన్ అనే డచ్చి సామాజిక శాస్త్రవేత్త 1970ల నుంచి రాశారు. కర్రలూ ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న గుడారాల్లో ఆ ఆరేడు నెలలూ ఉంటారు. మా శిబిరానికి వచ్చిన పిల్లల్లో పది మంది ఆ గుడారాల వాళ్లు.

వాళ్లలో ఒక అమ్మాయి చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని రెండు రోజులూ గట్టు మీదే కూర్చుంది. చూడ్డానికి వచ్చింది కాబోలు అనుకున్నాను. చూడండి, ఎంత సులువుగా అనుకున్నానో! మూడో రోజు సూరత్ అమ్మాయి వెళ్లి తనకు వచ్చిన మరాఠీ, హిందీ కలిపి పలకరించింది. ఎందుకు ఆడవంటే రెండు కారణాలు చెప్పింది. తమ్ముణ్ణి దింపితే ఏడుస్తాడు. రెండోది, "మా ఇంటికి తలుపు లేదు కదా. పళ్ళెం మోగితే ఏం వెయ్యాలి?"

పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు జవాబు దొరకలేదు. నా ఆట ఎనిమిది గడులతో మొదలైంది. ఆడాలంటే ఇల్లు ఉండాలి, ఇంటికి తలుపు ఉండాలి, చేతులు ఖాళీగా ఉండాలి. ఎవరు ఆడవచ్చో ముగ్గు గీసినప్పుడే తేల్చేశాను. ఇంకా ఆలోచిస్తే, 1928 కథలోనూ ఈ లోటు ఉంది. ఆ పోరాటం భూమిశిస్తు మీద. భూమి ఉన్నవాళ్లకే శిస్తు. అదే తాలూకాలో ఆ పొలాల్లో తరతరాలుగా పాలేర్లుగా కట్టుబడి పనిచేసిన హళపతులకు, దుబ్లాలని పిలిచేవారు అప్పుడు, తాళం వెయ్యడానికి పెద్దగా ఏమీ లేదు. సత్యాగ్రహం గొప్పతనం దీనివల్ల తగ్గదు. కానీ మనం ఒక చరిత్రను ఆటగా మారుస్తున్నప్పుడు, అందులో ఎవరికి చోటు లేదో కూడా ఆటలోకి వచ్చేస్తుంది.

ఆ అమ్మాయినే అడిగాం. మీ ఇంటికి జప్తు వస్తే ఏం పట్టుకుపోతారు? "కోయితా" అంది వెంటనే. మరి ఎలా కాపాడతావు? కాసేపు తమ్ముణ్ణి ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుని, "ఒకచోట పెట్టను. ఇచ్చేస్తూ ఉంటా" అంది.

ఆట మొత్తం మారిపోయింది. గడులు చెరిపేశాం. ఇళ్లు లేవు. కోయితాలుగా మూడు చెక్కముక్కలు. అవి ఊరివాళ్ల చేతుల్లో ఒకరి నుంచి ఒకరికి రహస్యంగా తిరుగుతూ ఉంటాయి. చెక్క చేతిలో ఉన్నవాళ్లు నడవాలే తప్ప పరుగెత్తకూడదు. జప్తు జట్టులో ఒక్కొక్కరికి రెండే సోదాలు. ఎవరినైనా ముట్టుకుని "చూపించు" అనవచ్చు, తప్పయితే ఒక సోదా ఖర్చు. పరుగెత్తకుండా నడిచేవాడిని అనుమానించాలి కదా! అందుకని చెక్క లేనివాళ్లు కూడా కావాలని నడవడం మొదలుపెట్టారు. తమ్ముణ్ణి ఎత్తుకున్న అమ్మాయి ఎటూ నడిచే తిరుగుతుంది కాబట్టి ఆమె దగ్గర చెక్క ఉందో లేదో ఎవరికీ అంతు పట్టలేదు. ఆ రోజు సాయంత్రం నాలుగు పందేల్లో ఆమె ఒక్కసారి కూడా దొరకలేదు. చెక్కను తమ్ముడి చొక్కాలో దాచిందని చివర్లో తెలిసింది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. నెదర్లాండ్స్‌లోని ఐంద్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఐరిస్ సౌటె, పనోస్ మార్కోపౌలోస్ అనే పరిశోధకులు 2007లో తలెత్తి ఆడే ఆటలు అన్న భావన ప్రతిపాదించారు. ఎలక్ట్రానిక్ ఆట అనగానే పిల్లలు తల వంచుకుని తెరను చూస్తారు. అలా కాకుండా, తోటివారి ముఖం చూస్తూ పరుగెత్తే ఆటలకు ఎలక్ట్రానిక్స్ సాయం చేయాలన్నది వాళ్ల ఉద్దేశం. వాళ్ల ఆటల్లో ఒకదానిలో కంటికి కనబడని తాళంచెవి ఒక పిల్లవాడి నుంచి ఇంకొకరికి మారుతూ ఉంటుంది; నడుముకు కట్టిన పట్టీ కంపిస్తే అది మన దగ్గర ఉన్నట్టు. మా అమ్మాయి చెక్కముక్క కూడా అదే పని చేసింది, పట్టీ లేకుండా.

నేను కూడా కొంత సరంజామా పట్టుకెళ్లాను. మైక్రోబిట్ అనే చిన్న బోర్డు గురించి మీరు వినే ఉంటారు. 2016లో బ్రిటన్‌లో సుమారు పది లక్షల మంది బడిపిల్లలకు పంచారు. దానిలో రేడియో ఉంటుంది, ఒకటి ఇంకొకదానికి ఎంత దగ్గరలో ఉందో సంకేతం బలాన్ని బట్టి సుమారుగా చెబుతుంది. ఆరు బోర్డులు ఉన్నాయి. చెక్కలకు మూడు కట్టి, జప్తు జట్టుకు మూడు ఇచ్చాం. దగ్గరికి వస్తే కీచుమంటుంది. మొదట వాటి మీది దీపాలనే చూస్తూ పిల్లలు ఒకరినొకరు గుద్దుకున్నారు. దీపాలు ఆర్పేసి చప్పుడు మాత్రమే ఉంచాం. అరగంటలో పిల్లలొక కిటుకు కనిపెట్టారు. చెక్కను వీపు వెనక పట్టుకుని ఎదురుగా నిలబడితే కీచుమనదు. ఆ రేడియో తరంగాల పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్‌జ్. మన శరీరంలో సగానికి పైగా నీరే. ఆ నీరు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. పిల్లల వీపే రేడియోకు అడ్డుగోడ అయిందన్నమాట. పాఠ్యపుస్తకంలో ఇది నేను ఎన్నోసార్లు చెప్పాను, ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదు.

బోర్డుల వల్ల ఆట మెరుగైందా అంటే, నిజాయితీగా చెప్పాలి, కొంచెమే. పిల్లల అభిప్రాయం తెలుసుకోవడానికి నవ్వు ముఖాల బొమ్మలు చూపి గుర్తు పెట్టమంటే అందరూ పెద్ద నవ్వు మీదే పెడతారు. పెద్దవాళ్లను నొప్పించరు కదా. బ్రిటన్‌లో జానెట్ రీడ్ బృందం ఇంకో ప్రశ్నను కూడా వాడింది, అది నాకు ఎక్కువ పనికొచ్చింది: మళ్లీ ఆడతావా? అవును, ఏమో, ఆడను. బోర్డుల ఆటకు పదిహేను మంది అవునన్నారు. పళ్ళెం, చెక్కల ఆటకు ఇరవైఇద్దరు. పళ్ళెం మోత పెద్దదని ఒకడు కారణం కూడా చెప్పాడు.

అమెరికాలో అలిసన్ డ్రూయిన్ అనే పరిశోధకురాలు 2002లో, కొత్త సాంకేతికతను రూపొందించడంలో పిల్లలు నాలుగు పాత్రల్లో ఉంటారని వివరించింది. తయారైనది వాడేవారు, పరీక్షించేవారు, సమాచారం ఇచ్చేవారు, రూపకల్పనలో భాగస్వాములు. మొదటి రోజు నా దృష్టిలో పిల్లలు పరీక్షించేవారే. గట్టు మీది అమ్మాయి ఏ పాత్రలోనూ లేదు. మూడో రోజుకు ఆమె భాగస్వామి అయింది. ఆ మార్పు నా గొప్ప కాదు, పలకరించిన డిగ్రీ విద్యార్థినిది. గుజరాత్ నేలకు ఈ ఆలోచన కొత్తదీ కాదు. గిజూభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టి, ఆటనూ కథనూ బడిలోకి తెచ్చారు. ఆయన దివాస్వప్న తెలుగులో పగటికలగా వచ్చింది. ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లాలనుకునేవారు తప్పక చదవండి.

మీరు ఇటువంటిది చేయాలంటే బార్డోలీ దాకా వెళ్లనక్కర్లేదు. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్ను నిరాకరణ జరిగింది. చౌరీచౌరా ఘటన తరువాత 1922 ఫిబ్రవరిలో కాంగ్రెస్ ఉద్యమాన్ని నిలిపివేస్తూ తీర్మానించింది కూడా బార్డోలీలోనే. దానితో పెదనందిపాడు కూడా ఆగింది. మీ ఊరి చెరువు, సంత, రైలు గేటు, ఏదైనా సరే. ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలను కలుపుకోండి. ఆట గీసే ముందు గట్టు మీద ఎవరు కూర్చున్నారో చూసి, వాళ్ల దగ్గర మొదలుపెట్టండి. నియమాలు మూడు మించితే ఎవరికీ గుర్తుండవు, మా అనుభవం అది. గొడవ వస్తే వెంటనే తీర్పు చెప్పకండి. ఏ నియమం దగ్గర గొడవ వచ్చిందో రాసుకోండి, మరుసటి రోజు మార్చాల్సింది చాలాసార్లు అదే.

ఐదో రోజు సాయంత్రం రైలుకు ఇంకా వ్యవధి ఉంటే మళ్లీ మైదానానికి వెళ్లాను. పిల్లలు ఆడుతున్నారు. ఊరి పిల్లలూ గుడారాల పిల్లలూ కలిసే ఉన్నారు. చెక్కలు మూడు కాదు, ఐదయ్యాయి. పళ్ళెం ఒకచోట బోర్లించి ఉంది, దాని చుట్టూ ఒక కాలితో గెంతుతున్నారు. ఇదెందుకో నాకు అర్థం కాలేదు. కొత్త నియమం ఏమిటని అటుగా పోతున్న పిల్లవాణ్ణి ఆపి అడిగాను. వాడు ఆగలేదు. "బెన్, పక్కకు జరగండి, జప్తువాళ్లు వస్తున్నారు" అని పరుగెత్తాడు.